మేయరుకి తోడు

మా తమ్ముడు ఎవాల్డ్ చేపలకు పెళ్ళిళ్ళ పేరయ్య. జర్మనీలో మా హెర్నె ఊళ్ళోని అక్వేరియం సంఘంవాళ్ళు ఎవరు ఏ పెద్ద చేప కొన్నా, దానికి ఏది జోడవుతుందో వాణ్ణి అడగనిదే తొట్టిలో వెయ్యరు. నోట్లో పట్టేది తోడు కాదు, భోజనం అంటాడు. దూకుడుదానికి మెతకదాన్ని జత చెయ్యొద్దంటాడు. అన్నిటికన్నా ముఖ్యం, కొత్తదాన్ని వదిలేముందు రాళ్ళూ కొమ్మలూ అన్నీ తీసి వేరేగా పేర్చాలంటాడు. అప్పుడు పాతదానికీ ఇల్లు కొత్తే కాబట్టి, ఇది నాదంటూ మీదపడదు. బొగ్గుగనిలో పనిచేసిన ఆ గొంతుతో ఈ మాట చెప్పీ చెప్పీ మా చెవులకు చిల్లులు పొడిచాడు.

అంతటివాడు సొంత ఇంట్లో చేసిన నిర్వాకం చూడండి.

భార్య లిస్బెత్ పోయాక వాడికి తోడు ఒక ఆస్కార్ చేప. మేమంతా దాన్ని మేయరు అంటాం. పళ్ళెమంత ఉంటాడు, మనిషి కనబడితే తొట్టి అద్దం దగ్గరికొచ్చి దబాయిస్తాడు. ఈ వసంతంలో మా సంఘంలోని రోస్విత ఎవాల్డ్‌తో కలిసి ఉండడానికి ఒప్పుకుంది. ఆవిడా భర్త పోయిన మనిషే. నాకు ప్రాణం లేచొచ్చింది. ఆవిడ షరతు ఒక్కటే, తన సెవెరమ్ చేప కూడా వస్తుందని. మా పాత ఇంటి చెక్కనేల రెండో పెద్ద తొట్టి బరువు మోయదు. రెండూ ఒకే నీళ్ళలో ఇమడకపోతే చేపను తీసుకుని తిరిగి వెళ్ళిపోతానని ముందే చెప్పింది. భయమెందుకు, సెవెరమ్ మేయరుకి ఈడైనదే, బెదిరే రకమూ కాదు అన్నాడు మావాడు.

ఆదివారం కాఫీకి నేను పైఅంతస్తులోని నా వాటా నుంచి దిగేసరికి సెవెరమ్ బకెట్లో ఉంది. మేయరు కొరికి దాని తోక చీలికలైపోయింది. రోస్విత కోటు తొడుక్కుంటోంది. వెళ్ళొస్తాను వదినా అంది, కోపం లేకుండా. కోపమున్నా బాగుండేది. మావాడు తొట్టి ముందు నిలబడ్డాడు.

తొట్టిలోకి చూశాను. రాళ్ళన్నీ ఎక్కడివక్కడే ఉన్నాయి. నాకు ఒళ్ళు మండిపోయింది.

"ఊరందరికీ చెబుతావు కదరా. నీ తొట్టిలో ఒక్క రాయీ కదపలేదేం?"

వాడు తొట్టి అద్దంమీద అరచెయ్యి ఆనించాడు.

"అవి లిస్బెత్ పేర్చినవక్కా."

నా కోపం అక్కడే చప్పబడింది. ఆసుపత్రికి వెళ్ళే రోజున కూడా, చేతులు మోచేతులదాకా నీళ్ళలో పెట్టి ఆ నల్లరాయి సర్దింది మా లిస్బెత్. అప్పుడే గది చుట్టూ చూశాను. తొట్టి పక్కన లిస్బెత్ పడకకుర్చీ, దానిమీద ఆమె శాలువా. రోస్విత వచ్చిన నాటినుంచీ వంటింటి చెక్కకుర్చీ తెచ్చుకుని కూర్చుంటోంది. పడకకుర్చీలో కూర్చోవద్దని ఎవరూ అనలేదు, కూర్చోమనీ అనలేదు.

"మేయరుది తప్పు కాదురా," అన్నాను. "వాడి ఇల్లు వాడికి అలాగే ఉంచి, ఒకదాన్ని తెచ్చి మధ్యలో పడేశావు."

ఎవాల్డ్ చొక్కా చేతులు మడిచాడు. మేయరు వేళ్ళు కొరుకుతున్నా లెక్కచెయ్యకుండా రాళ్ళన్నీ తీసి తువ్వాలు మీద పెట్టాడు. ఏడుస్తూనే తీశాడు. ఆఖరున నల్లరాయిని రోస్విత చేతికిచ్చాడు.

"ఎక్కడ పెట్టాలో నువ్వే చెప్పు."

ఆవిడ వంగి తొట్టిలోకి చూసింది.

"మధ్యలో పెడదాం. రెండింటికీ చాటుగా ఉంటుంది."

కోటు తడుస్తున్నా తనే పెట్టింది. మిగతావి ఇద్దరూ పేర్చారు. సెవెరమ్‌ని వదిలాం. మేయరు తన మూలకి వెళ్ళాడు, అక్కడ తన మూల లేదు. బిత్తరపోయి తొట్టంతా తిరిగి, కొత్తదాని పక్కనే వచ్చి ఆగాడు. మీదపడలేదు.

కాఫీ చల్లారిపోయింది, మళ్ళీ పెడతానన్నాను. రోస్విత అలవాటుగా చెక్కకుర్చీ కోసం వంటింటివైపు నడిచింది. ఎవాల్డ్ మోచేతులనుంచి నీళ్ళు కారుతుండగానే, పడకకుర్చీ మీది శాలువా తీసి మడిచి నా చేతిలో పెట్టాడు.

"రోస్వితా, ఈ కుర్చీ ఎటు జరపమంటావు?"

ఆవిడ వెనక్కి తిరిగింది. కిటికీ వైపు చూపించి, కోటు విప్పి, కుర్చీకి రెండోపక్క తను పట్టుకుంది.