సగం పాత బాల్సు

లూకా మా రైల్వే వర్క్‌షాపులో కలాసీ, అంటే హెల్పరు. ఫిట్టరు పని నా దగ్గరే నేర్చుకున్నాడు. సోమవారం పొద్దున వాడికి ట్రేడ్ టెస్టు. గట్టెక్కితే ఫిట్టరవుతాడు. తప్పితే మళ్ళీ ఎన్నేళ్ళకో! సైరన్ మోగి వర్క్‌షాపు గేటు పడితే లోపలికి రానివ్వరు. వాడి సైకిలు వెనక చక్రం గరగరమంటోందని శనివారమే హబ్బు విప్పాను.

మలంచా బజారులో సైకిల్ షాపు నడిపే బెంగాలీ దాదా, హబ్బులో పట్టే పద్దెనిమిది బేరింగు బాల్సు లెక్కపెట్టి, "పూరా సెట్ వెయ్యి మిస్త్రీ, పాతవి కలపకు" అన్నాడు. నాకు ఒళ్ళు మండింది. ఇరవై ఏళ్ళు ఇంజన్ల కింద దూరినవాడికి వీడా చెప్పేది!

"నా చేతేళ్ళే కొలిచే గేజీ, దాదా. పాతవాట్లో తొమ్మిది బాగున్నాయి. తొమ్మిదే ఇయ్యి" అన్నాను.

పాతవి కిరసనాయిల్లో కడిగితే తళతళలాడాయి. కొత్తవాటితో కలిపి గ్రీజు పెట్టి బిగించేశాను.

"అన్నీ కొత్తవేనా గురువుగోరూ?" అన్నాడు లూకా.

"మరేటనుకున్నావురా!" అన్నాను. శిష్యుడి ముందు గొప్ప కోసం ఆడిన అబద్ధమది.

సోమవారం పనికొచ్చే దారిలో, పూరీ గేట్ అనే చోట చక్రం పట్టేసింది. వాడు సైకిలు భుజాన వేసుకుని పరుగెత్తాడట. అప్పటికే వర్క్‌షాపు గేటు పడిపోయింది. టెస్టు పోయింది.

సాయంత్రం నన్ను వెంటబెట్టుకుని షాపుకు వెళ్ళాడు. "నాసిరకం సరుకమ్మినావు! నా నోట్లో మట్టి కొట్టినావు!" అని దాదా మీద విరుచుకుపడ్డాడు. జనం మూగారు. నేను ఓ అడుగు వెనక్కి జరిగాను.

దాదా హబ్బు విప్పాడు. రెండు బాల్సు పగిలి ఉన్నాయి. గాజుపలక మీద రెండు కొత్తవాటి మధ్య ఒక పాతది పెట్టి, పైన ఉక్కు స్కేలు ఆనించాడు. పాతదాని మీద సన్నటి సందు, అందులోంచి వెలుతురు.

"పాతవి అరిగాయి, బరువంతా కొత్తవాటి మీదే పడింది. పాతవి కలిపిందెవరు?" అన్నాడు దాదా, నన్నే చూస్తూ.

లూకా నా వైపు చూశాడు. నేను చూపు తిప్పుకున్నాను.

"నానే, దాదా. తెలీక కలిపేసినాను. తిట్టినందుకు సమించు" అని వాడు చేతులు జోడించాడు.

"హబ్బు బిగించడం రాదు గానీ, ఫిట్టరవుతాడట!" అని గుంపులో ఎవరో అన్నారు. అందరూ నవ్వారు.

కలిపింది నేనేనన్న మాట గొంతుదాకా వచ్చింది. మింగేశాను. ఛీ, ఏం బతుకు నాది!

దాదా పూరా సెట్ వేసి ఇచ్చాడు. సైకిలు తోసుకుంటూ బయటికొచ్చిన లూకా, రోజూలాగే నా సంచి హేండిలుకు తగిలించడానికి చెయ్యి చాపాడు. తలెత్తలేక, సంచి వాడి చేతిలో పెట్టేశాను.