మూడో లెక్క

ఆపరేషన్ థియేటర్లో రూలు ప్రకారం లెక్కలు రెండే. రక్తం అద్దిన గాజుగుడ్డల్ని, పొట్ట కుట్టే ముందు ఒక నర్సు పైకి లెక్కపెడుతుంది. రెండో నర్సు మళ్లీ లెక్కపెట్టి సరిచూస్తుంది. లోపల ఏదీ మిగల్లేదని తేలాకే డాక్టరు సూది అందుకోవాలి. ఇక్కడ మాత్రం మూడో లెక్క కూడా ఉండేది. అది ఏ రూల్లోనూ లేదు, పెద్ద సిస్టర్ సొంత చాదస్తం. వాళ్లిద్దరూ "సరిపోయాయి" అనగానే ఆవిడ చేతులకు తొడుగులేసుకుని బకెట్ ముందు వంగేది. అందుకే నర్సులు ఆవిడకు చాటుమాటుగా మూడో లెక్క అని పేరు పెట్టారు. ఆ సంగతి ఆవిడకూ తెలుసు. తెలిసి, లోలోపల కాస్త మురిసిపోయేది కూడా.

ఆ చాదస్తానికి కారణం లేకపోలేదు. పదకొండేళ్ల కిందట ఆవిడే ఒకసారి "సరిపోయాయి" అంది. సరిపోలేదు. ఇద్దరు పిల్లల తల్లి ఒకామె కడుపులో గుడ్డముక్కతో మూడు నెలలు జ్వరాలతో బాధపడింది. అప్పటి పెద్ద సిస్టర్ తప్పంతా తన మీద వేసుకుని బదిలీ మీద వెళ్లిపోయింది. ఈవిడ నోరు విప్పలేదు, బెల్లం కొట్టిన రాయిలా నిలబడి చూసింది. ఆ సిగ్గు ఆవిణ్ణి ఇప్పటికీ వదల్లేదు. ఇంకెవరి చేతిలోనూ ఆ తప్పు జరగనివ్వనని అప్పుడే ఒట్టు పెట్టుకుంది. ఒట్టు మంచిదే. కానీ దానివల్ల ఇంకెవరి చేతినీ నమ్మడం మానేసింది.

ఆ మంగళవారం పొద్దున ఆపరేషన్ మధ్యలో సూపరింటెండెంట్ ఫోన్ చేసి పిలిచాడు. ఆవిడ వెళ్లి వచ్చేసరికి డాక్టరు ఆఖరి కుట్టు ముడేస్తున్నాడు.

"లెక్క?" అని అడిగింది.

"సరిపోయింది మేడమ్" అంది పొడుగమ్మాయి. థియేటర్లో అందరికంటే చిన్నది, అందరికంటే పొడుగు.

అలవాటు కొద్దీ ఆవిడ బకెట్ ముందు వంగింది. పందొమ్మిది. మళ్లీ లెక్కపెట్టింది. పందొమ్మిదే. ఉండాల్సినవి ఇరవై. ఎక్స్‌రే తీస్తే అందుకోసమే గుడ్డలో నేసే దారం గీతలా కనబడింది. కుట్టిన పొట్ట మళ్లీ కోశారు. పేషెంటుకు ప్రాణగండం తప్పింది. వరండాలో ఆమె భర్తకు డాక్టరు ఉన్నదున్నట్టు చెప్పాడు. అతను అరవలేదు. "లెక్కపెట్టిందెవరండీ?" అని మాత్రం అడిగాడు.

దుప్పట్ల గదిలో పొడుగమ్మాయి ముక్కు ఎర్రగా చేసుకుని నిలబడి ఉంది.

"ఎలా తప్పావే?" అంది పెద్ద సిస్టర్.

"తప్పలేదు మేడమ్. అసలు లెక్కే పెట్టలేదు. పైపైన చూసి చెప్పేశా. ఎలాగూ మీరు పెడతారు కదా అని."

"ఎన్నాళ్ల నుంచి?"

"అందరం అంతే మేడమ్. మొదట్లో పెట్టేదాన్ని. ఒకసారి ఒకటి తక్కువైందని నేనంటే మీరు నవ్వి, పక్కకి జరగమన్నారు. ఆ తర్వాత మానేశా."

నవ్విన సంగతి పెద్ద సిస్టర్‌కు గుర్తు కూడా లేదు. ఇన్నేళ్లూ తను వీళ్లకు కాపలా కాస్తున్నాననుకుంది. కాపలా ఉందని వీళ్లు హాయిగా కళ్లు మూసుకున్నారు.

మర్నాడు సూపరింటెండెంట్ పొడుగమ్మాయిని ఉద్యోగంలోంచి తీసేసే కాగితం టైపు చేయించి ఉంచాడు. పెద్ద సిస్టర్ నర్సులందర్నీ వెంటబెట్టుకుని ఆ గదిలోకి వెళ్లింది. పదకొండేళ్ల నాటి సంగతి మొత్తం, ఎవరి ముఖమూ చూడకుండా, చెప్పేసింది.

"నన్ను అప్పుడు ఉంచారు సార్. దీన్నీ ఉంచండి. ఇకమీదట మూడో లెక్క ఉండదు. నేను బకెట్ ముట్టుకుంటే వీళ్లే మీకు ఫిర్యాదు రాసివ్వాలి."

"ఇంకోసారి జరిగితే కాగితాలు రెండవుతాయి" అన్నాడాయన.

"అవనివ్వండి."

చెప్పడం తేలికే. చేతులు వెనక్కి కట్టుకుని గోడ దగ్గర నిలబడటం గండంగా ఉండేది. ఆవిడకు అన్నం సయించలేదు. ఇంట్లో చెల్లెలు ఏం పుట్టిందే నీకని అడిగితే కసురుకుంది. థియేటర్లో పొడుగమ్మాయి ఒక్కో గుడ్డనూ రెండు చేతులా పట్టి చూస్తుంటే, ఇంత నత్తనడకేమిటని నోటిదాకా వచ్చేది. మింగేది.

తొమ్మిదో రోజు పెద్ద ఆపరేషన్ పడింది. మళ్లీ ఇరవై గుడ్డలు. గుడ్డలన్నీ పెద్ద సిస్టర్‌కు రెండడుగుల దూరంలోని ట్రేలో, బకెట్లోంచి తీసి పరిచి ఉన్నాయి. మాటిచ్చినా ఆవిడ కళ్లు ఊరుకోలేదు. లెక్కపెట్టేశాయి. ఇరవై. ఇంకోసారి చూసింది. ఇరవై. ఊపిరి పీల్చుకుంది.

"పందొమ్మిది" అంది పొడుగమ్మాయి.

రెండో నర్సు మళ్లీ మొదట్నుంచీ చూసి, "పందొమ్మిదే" అంది గొణిగినట్టు.

డాక్టరు సూది పట్టుకుని విసుగ్గా తలెత్తాడు. "పెద్ద సిస్టర్, మీరోసారి చూసి చెప్పండి."

అందరూ ఆవిడ వైపు తిరిగారు. పొడుగమ్మాయి కూడా. ఇరవై అన్న మాట నాలుక చివరిదాకా వచ్చి ఆగింది. ఆ మాట బయటికొస్తే ఆయన కుట్టేస్తాడు. ఈ పిల్ల మళ్లీ పక్కకి జరుగుతుంది. ఈసారి జరిగితే ఎప్పటికీ ముందుకు రాదు.

"నేను చూడక్కర్లేదు సార్. వాళ్లు పందొమ్మిదంటే పందొమ్మిదే. కుట్టకండి" అంది.

డాక్టరు సణుక్కుంటూ లోపలికి చెయ్యి పెట్టాడు. చాలాసేపు వెతికాడు. చివరికి కాలేయం కింది నుంచి తడిసి ముద్దయిన గుడ్డ ఒకటి బయటికి లాగాడు.

"ఇరవై" అంది పొడుగమ్మాయి.

చేతులు కడుక్కునే చోట పెద్ద సిస్టర్ ఆ పిల్ల పక్కన నిలబడింది. చెప్పకపోతే ఎవరికీ తెలిసేది కాదు.

"నాకు ఇరవై వచ్చాయే" అంది. "రెండుసార్లు లెక్కపెట్టాను. ఇరవయ్యే వచ్చాయి. మీరు నా మాట కోసం చూసి ఉంటే కుట్టేసేవాళ్లం."

పొడుగమ్మాయి చేతులు కడుక్కోవడం ఆపింది. "ఒక గుడ్డ మడతపడి రెండులా కనిపించింది మేడమ్. నేను విప్పి చూశా." తర్వాత మెల్లగా అడిగింది. "మీరెప్పుడూ విప్పి చూడరు కదా మేడమ్. మరి ఈ పదకొండేళ్లలో ఎందరి కడుపుల్లో..."

పెద్ద సిస్టర్ కుళాయి కట్టకుండానే పాత ఆపరేషన్ల రిజిస్టర్లున్న గది వైపు నడిచింది.