తుమ్ముకి ఎగిరిన స్క్రూ

నాకు జలుబు చేస్తే చాలు, మా ఇంట్లో అందరూ వైద్యులైపోతారు. మా ఆయన ఆవిరి పట్టమంటాడు. అత్తయ్య ఉప్పునీళ్ళు పుక్కిలించమంటుంది, అల్లంరసంలో తేనె కలిపి నాకమంటుంది, మెడకి బామ్ రాస్తానని వెంటపడుతుంది. వచ్చిన జలుబు దానంతటదే పోతుంది, ఈ హడావిడి దేనికని నా వాదన. ఆ రోజు మాత్రం వాదించే తీరిక లేదు. నాది వాచీలు బాగుచేసే పని, మా నాన్న దగ్గర నేర్చుకున్నది. నాలుగింటికి బస్సు డ్రైవరుగారు తన వాచీ కోసం వస్తానన్నారు.

ఆయన ఉద్యోగానికి అదే ఆఖరి రోజు. ఐదింటి బస్సు నడిపేస్తే ఇక సెలవే. చేరిన రోజు వాళ్ళమ్మ కొనిచ్చిన వాచీ పెట్టుకునే ఆ ఆఖరి ట్రిప్పు వెయ్యాలని ఆయన కోరిక. ఆరేళ్ళుగా ఆగిపోయి ఉన్నదాన్ని నాలుగు రోజులు కుస్తీపట్టి దారికి తెచ్చాను. ఇంకొక్క స్క్రూ బిగిస్తే అయిపోయినట్టే. ఆవగింజలో సగం కూడా ఉండదది. ఆ కంపెనీ ఎప్పుడో మూతపడింది. అది పోతే ఇంకోటి దొరకదు.

స్క్రూ పెట్టేటప్పుడు ఊపిరి బిగబట్టాలి. ముక్కు రెండువైపులా మూసుకుపోయినదాన్ని, నాకు బిగబట్టడానికి ఊపిరెక్కడిది? నోటితో వదిలితే కంటికున్న భూతద్దం మసకేస్తోంది.

"కాసేపు ఆవిరి పట్టవే, నీకు పుణ్యముంటుంది," అంటూ మా ఆయన వంటింటి బల్లమీద వేడినీళ్ళ గిన్నె పెట్టాడు. దుప్పటి కప్పుకుని వంగాను. ఒక కన్ను బొత్తిగా కనిపించలేదు. చూపు పోయిందనుకుని కెవ్వుమన్నాను. తీరా చూస్తే భూతద్దం కంటికే ఉంది. మా ఆయన గోడకి జారబడి మరీ నవ్వాడు.

సందు చూసుకుని అత్తయ్య నా మెడకి దట్టంగా బామ్ పట్టించేసింది. ఆవిడ అటు తిరగ్గానే తుడిచేసుకుందామనుకున్నాను. ఇంతలో ముక్కు కాస్త తెరుచుకుంది. అంతే, ఆ సంగతి మరిచిపోయి పరుగున వెళ్ళి పనిలో కూర్చున్నాను.

పట్టకారుతో స్క్రూ ఎత్తాను. ఊపిరి బిగబట్టాను. సరిగ్గా అప్పుడే వచ్చింది తుమ్ము. పట్టకారు కొనల మధ్య నుంచి స్క్రూ టప్పున ఎగిరింది.

"ఎక్కడివాళ్ళక్కడే!" అని అరిచాను.

అది మా నాన్న పెట్టిన రూలు. చిన్న ముక్క ఎగిరిందంటే, దొరికేదాకా గదిలో ఎవరూ అడుగు కదపకూడదు. పాదానికి అంటుకుపోతే ఇక అంతే సంగతులు. నా వెనకే వచ్చిన మా ఆయన వేడినీళ్ళ గిన్నెతో, అత్తయ్య ఉప్పునీళ్ళ గ్లాసుతో అలాగే నిలబడిపోయారు. నేను మోకాళ్ళమీద పాకుతూ జానెడు జానెడు వెతికాను. టార్చి వేశాను, నేలంతా అయస్కాంతం తిప్పాను, బట్టలు దులుపుకున్నాను. లేదు. మూడున్నర అయింది. నాకు ఏడుపొచ్చేసింది.

"చేతులు లాగేస్తున్నాయే," అన్నాడు మా ఆయన మెల్లిగా.

"లాగనివ్వండి! మీ వైద్యాలు తగలెయ్య! డ్రైవరుగారికిప్పుడు నేనేం చెప్పను?" అని తువ్వాలు లాగి, ఆ బామ్‌నైనా వదిలించుకుందామని మెడమీదికి పోనిచ్చాను.

"ఆగవే!" అత్తయ్య రూలూ గీలూ చూడకుండా వచ్చి నా చెయ్యి పట్టుకుంది.

"కాలు, అత్తయ్యా, కాలు!"

"కాలూ లేదు చెయ్యీ లేదు. గొంతెలా బొంగురుపోయిందో చూసుకున్నావా?" అంటూ మెడమీద బొటనవేలితో రుద్దబోయి ఆగిపోయింది. "ఇదేంటే, ఇసుకరేణువులా తగులుతోంది?"

"వేలు కదపకండి అత్తయ్యా," అన్నాను.

ఆవిడ వేలికొసన, బామ్ జిగటలో, స్క్రూ మిలమిలలాడుతోంది. ఇంకొక్క క్షణమైతే తువ్వాలుతో తుడిచి దులిపి పారేసేదాన్ని. దాన్ని శుభ్రం చేసి మళ్ళీ ఎత్తాను. ఈసారి ముగ్గురం ఊపిరి బిగబట్టాం. స్క్రూ కూర్చుంది.

నాలుగింటికి వచ్చిన డ్రైవరుగారు వాచీ చెవి దగ్గర పెట్టుకుని చాలాసేపు కళ్ళు మూసుకున్నారు. "అదే చప్పుడమ్మా," అన్నారు. ఐదు దాటాక బస్సు మా వీధిలోంచి వెళ్తూ రెండుసార్లు హారన్ కొట్టింది. ప్రాణం హాయిగా ఉంది.

మర్నాడు పొద్దున ఒక్క తుమ్ము కూడా లేదు. అత్తయ్య బామ్ డబ్బాతో గుమ్మం దాకా వచ్చి నన్ను చూసింది.

"తగ్గిపోయిందిగా, ఇంకెందుకులే," అని వెనక్కి తిరగబోయింది.

"గొంతు ఇంకా గరగరలాడుతోంది అత్తయ్యా," అని అబద్ధమాడి, గడ్డం పైకెత్తి కూర్చున్నాను.