ఎండు మట్టి

చిగుసా చేసిన గిన్నెను దీపానికి అడ్డంగా పెడితే అవతలివైపు వేళ్ళ నీడ కనిపిస్తుందని పింగాణీకి పేరుపడ్డ అరితా ఊళ్ళో చెప్పుకునేవారు. అందులో మాయేమీ లేదు. మిగతా పింగాణీ కళాకారులు గిన్నెలో కాస్త తడి ఉండగానే చెక్కుడు ముగించేవారు. చిగుసా మాత్రం అది ఎముకలా ఎండిపోయేదాకా ఆగి, అప్పుడు సన్నటి ఉక్కు పనిముట్టుతో గీకేది. తడి మట్టి మీద గీత మొద్దుబారుతుంది. ఎండు మట్టి మీద కత్తివాదరలా నిలుస్తుంది. చాలా గిన్నెలు చేతిలోనే పుటుక్కుమనేవి. నిలిచినవి టోక్యో ప్రదర్శనకు వెళ్ళేవి. నలభై దాటకముందే ఆమె పేరు దేశమంతా తెలిసింది.

ఆ గిన్నెల్ని సారె మీద లేపేది మాత్రం ఆమె భర్త కత్సుహికో. కుర్రతనంలో అతను పింగాణీ మట్టి కోసం రాయి దంచే మిల్లులో పనిచేశాడు. పెళ్ళయ్యాక ఉద్యోగం వదిలేసి భార్య వెంట నిలబడ్డాడు. మట్టి పిసికేవాడు, బట్టీ కాల్చేవాడు, సాయంత్రం ఆమె గీకిన తెల్లటి పొడిని చీపురుతో ఊడ్చేవాడు. ముక్కుకు గుడ్డ కట్టుకోమని ఆమె పోరితే, కళ్ళజోడుకు ఆవిరి పడుతుందని మెడలోకి లాగేసుకునేవాడు. గాలి తగిలితే గిన్నె వంకరపోతుందని చలికాలమంతా తలుపులు మూసే ఉంచేవారు.

యాభై ఎనిమిదో ఏట అతనికి దగ్గు పట్టుకుంది, వదల్లేదు. ఊపిరితిత్తుల నిండా రాతిపొడి పేరుకుందని డాక్టరు చెప్పాడు. మందు లేదన్నాడు. కొంత మిల్లుది, కొంత ఇంటిది, ఏది ఎంతో విడదీయలేమన్నాడు.

ఆ రోజునుంచే ఆమె ఎండు చెక్కుడు మానేసింది. సారె తనే తిప్పుకుని, తడి మట్టినే చెక్కి ఆ ఏడాది ప్రదర్శనకు పంపింది. ఎంపిక కాలేదు. ఇరవై ఏళ్ళలో అలా జరగడం అదే మొదలు.

కత్సుహికో అక్క హరుయె చేపలు పట్టుకుని తమ్ముణ్ణి చూడటానికి వచ్చినప్పుడు ఆ సంగతి తెలిసింది. ఆమె జాలిపడలేదు.

"ఊరంతా నీ గిన్నెల్లో వెలుగు చూసింది చిగుసా. నాకు మా వాడి దగ్గే వినపడుతోంది" అంది.

చిగుసా చేపలు తోమడానికి కూర్చుంది. అయితే మర్నాడు కత్సుహికో ప్రదర్శన నుంచి తిరిగొచ్చిన గిన్నెను ఒళ్ళో పెట్టుకుని చాలాసేపు తిప్పితిప్పి చూశాడు. ముక్కుకు ఆక్సిజన్ గొట్టం ఉంది. రెండు మాటలకోసారి ఆగుతున్నాడు.

"ఏంటే ఇది? పొద్దున్నే అన్నం తినే గిన్నెలా ఉంది."

"మీ కోసమే కదా మానేశాను."

"మానేస్తే నా ఊపిరి వెనక్కొస్తుందా? పోయిందేదో పోయింది. ఆ ఊపిరికి బదులు ఆఖరికి మిగిలేది ఇదా?"

ఆ మాట ఆమెను నెలల తరబడి కాల్చింది. చివరికి పెరట్లో ఉన్న పాత కొట్టుకు సందులన్నీ మూయించి, పొడి లాగే యంత్రం పెట్టించి, మళ్ళీ పనిముట్టు పట్టింది. పొడి ఇంట్లోకి రాకుండా బట్టలు అక్కడే మార్చుకునేది.

ఫిబ్రవరిలో ఒక పొద్దున అతనికి గంజి పోసి, దుప్పటి కప్పి కొట్టులోకి వెళ్ళింది. అంచు చెక్కుతోంది. అన్నిటికంటే గండం అదే. యంత్రం హోరులో బయటి చప్పుడేదీ వినిపించలేదు. మధ్యాహ్నం కాబోతుండగా తలుపు తెరుచుకుని వెనుక చల్లగాలి తగిలింది. ఆ వేళకి హరుయె వస్తుందని తెలుసు కాబట్టి తిరక్కుండానే అంది:

"ఒక్క నిమిషం వదినా, ఈ అంచు అయిపోవచ్చింది. తలుపెయ్యండి."

హరుయె తలుపు వేసి నిలబడింది. చిగుసా అంచు పూర్తి చేసింది. గిన్నెను పీట మీద దించి, యంత్రం ఆపి వెనక్కి తిరిగింది. అప్పుడు చూసింది హరుయె మొహం.

గొట్టం అందినంత దూరం వచ్చి, వరండాలో పడి ఉన్నాడు కత్సుహికో. ఒళ్ళు అప్పటికే చల్లబడింది.

ఆ గిన్నెను వేసవిలో కాల్చింది. బట్టీ తలుపు తీసేటప్పుడు అది పగిలిపోయి ఉంటే బాగుండునని అనుకోవాలని చూసింది. అనుకోలేకపోయింది. గిన్నె నిక్షేపంగా ఉంది. ఆ ఏడు మొదటి బహుమతి దానికే వచ్చింది.

చిగుసా బహుమతి తీసుకుని వచ్చిన మర్నాడు హరుయె తమ్ముడి పటం ముందు అగరొత్తులు వెలిగించింది. తర్వాత చిగుసా వైపు తిరిగింది.

"నీకు ఆ నిమిషం ఎందుకిచ్చానో నాకే తెలీదు. వాడెలాగూ పోయాడు కదా అనుకున్నానేమో."

"నన్ను జుట్టు పట్టి లాగాల్సింది వదినా."

"లాగితే గిన్నె పగిలేది. వాడు ఊరుకునేవాడు కాదు."

ఇద్దరూ టీ తాగారు. హరుయె వెళ్ళిపోయాక చిగుసా కప్పులు కడిగి బోర్లించింది. ముక్కుకు గుడ్డ కట్టుకుని కొట్టులోకి వెళ్ళింది. ఆమెకు చేతనైన పని అదొక్కటే.