నీడ పిండిన మాణిక్యాంబ

నగరం అనే ఊరి దగ్గర కట్టిన మంచినీళ్ల చెరువుకి ఆ ఏడే మొదటిసారి కాలవ నీళ్లు వదిలారు. అసిస్టెంట్ ఇంజనీరు సునీల రోజూ తెనాలి నుంచి మొదటి బస్సుకే వచ్చేది. మట్టికట్ట కొత్తది, ఒక్కసారిగా నింపకూడదు. ఒక అడుగు నీళ్లు పెట్టి, రెండు రోజులు ఆగి చూసి, మళ్లీ ఒక అడుగు. కట్ట లోపలి నీటి ఒత్తిడి చూపే మీటర్లు చదివేది. కట్ట దిగువన ఊరే నీళ్లు సీసాలో పట్టి ఎండకెత్తి చూసేది. తేటగా ఉంటే ఫరవాలేదు. మట్టి కలిసిందంటే కట్ట లోలోపల కోసుకుపోతున్నట్టే.

కాపలా ఉండే మాణిక్యాంబ ఆమె వెంటే నడిచేది. నేల లోపల నీళ్లు కదిలేచోట మాణిక్యాంబ నీడ తడుస్తుంది. వంగి, నీడ అంచు పట్టుకుని, చీర కుచ్చిళ్లు పిండినట్టు పిండి, మళ్లీ నేలమీద వదిలేసి నడుస్తుంది. సునీల రిజిస్టర్లో దానికీ ఒక గడి గీసుకుంది.

పదకొండో అడుగు నిండిన రోజు పొద్దున, చెరువు నీళ్లు బయటికి వదిలే తూము పక్కన మాణిక్యాంబ ఆగింది. నీడ పిండితే నల్లటి బురద కారింది.

"మేడంగారూ, ఇది కట్ట మట్టేనండి."

సునీల కట్ట దిగి సీసా పట్టింది. సీసాలో నీళ్లు చూస్తే తేటగానే ఉన్నాయి. అయినా కాలవ తూము మూయించి, పై ఇంజనీరు బసవేశ్వరరావుకి ఫోన్ చేసింది.

"చెరువు ఖాళీ చెయ్యాలండి."

"ఏంటమ్మా! నాలుగు రోజుల్లో కాలవలకి నీళ్లు కట్టేస్తారు. ఆరు ఊళ్లు ఎండాకాలం ఏం తాగుతాయి? మీటర్లు ఏమంటున్నాయి?"

"బాగానే ఉన్నాయండి. మాణిక్యాంబగారి నీడలో బురద వచ్చిందండి."



"ఎంత?"

"దోసెడండి."

"దించెయ్యి. బయల్దేరుతున్నా."

నీళ్లు దించి తవ్వితే, తూము గొట్టం వెంట చెయ్యి దూరేంత కన్నం. దిగువకి బయటపడటానికి ఇంకా రెండు బారలే ఉంది. బసవేశ్వరరావు వంగి కన్నంలో మోచేతిదాకా చెయ్యి పెట్టి చూశాడు. ఇసక, కంకర వేసి, కట్ట మళ్లీ గట్టిచేసేసరికి కాలవలు ఆగిపోయాయి.

వేసవంతా ట్యాంకర్ల దగ్గర లైన్లే. కట్ట కింద ఇంట్లో బట్టలు కుట్టుకునే జమీలా ఒకరోజు సునీలని నిలబెట్టి కడిగేసింది.

"నిండు చెరువన్నారు. ఇదేనాండీ నిండటం? మా అమ్మ మంచం మీద ఉంది, నేను ఇక్కడ బిందెతో నిలబడాలా?"



"కట్టకి కన్నం పడిందమ్మా. బయటపడి ఉంటే కట్ట ఆగేది కాదు."

"ఆ నీళ్లు ఎటు వచ్చేవి?"

సునీల చెయ్యెత్తి చూపించింది. జమీలా అటు తిరిగింది. తన ఇల్లే. వసారాలో తల్లి పడుకున్న మంచం ఇక్కడికే కనిపిస్తోంది.

"ఎవరు చూశారండీ?"

సునీల చెప్పింది.

జమీలా వంతు వచ్చింది. బిందె పక్కకి జరిపి, లైను చివర నిలబడ్డ మాణిక్యాంబని కేకేసింది.

"పిన్నీ, ఇటు రా. ముందు నువ్వు పట్టుకో."