రెజిమెంటు చరిత్ర, అరవై ఒకటో పేజీ

మంచు కూలే ముందు కొండ ఊపిరి బిగబట్టుకుంటుంది.

పక్షి పలకదు. వాగు వినిపించదు...

ఆ తర్వాతే తెల్లటి గర్జన.

మా కార్నియా లోయలో పుట్టినవాళ్ళకు ఆ నిశ్శబ్దం తెలుసు. మా కంచరగాడిదలకు ఇంకా ముందే తెలుసు. అవి ఆగిన చోట మనిషీ ఆగుతాడు. తాతల నాటి నుంచీ అంతే.

యుద్ధం వచ్చింది. కొండ సైనికుల రెజిమెంటు మా లోయ మగవాళ్ళందరినీ ఒకే కంపెనీలో చేర్చుకుంది. టోపీకి నల్లటి ఈక ఇచ్చింది. మా అన్న ఎర్మెస్‌కు బీసా అనే కంచరగాడిదను ఇచ్చింది.

మార్చి. మధ్యాహ్నపు ఎండ. తూటాల పెట్టెలతో బీసా వాలు అంచున ఆగిపోయింది.

కొట్టమన్నాడు కెప్టెన్. మైదానం నుంచి వచ్చినవాడు.

ఎర్మెస్ కర్ర కింద పెట్టాడు.

"ఇది కదలదు, కెప్టెన్ గారూ. తెల్లవారుజామున మంచు గట్టిపడుతుంది. అప్పుడు దాటిద్దాం."

వెనక నుంచి దుయీలియో గొంతు — "బీసానే కెప్టెన్ని చేస్తే సరి. కొండ సంగతి దానికే తెలుసు."

కంపెనీ అంతా నవ్వింది.

మాట దుయీలియోది. నవ్వు అందరిది. శిక్ష మా అన్నది.

చర్చి వెనక గడ్డికొట్టంలో విచారణ జరిగింది. పావుగంట పట్టింది. ఆజ్ఞను ధిక్కరించినందుకు మరణం. తెల్లవారుజామున శ్మశానం గోడ దగ్గర ఎనిమిది తుపాకులు. కంపెనీ అంతా మా లోయదే — కనుక ఎనిమిదిమందీ మావాళ్ళే. అందులో దుయీలియో ఒకడు. తల్లి లేని దుయీలియో. మా అమ్మ పాలు తాగి, ఎర్మెస్ పక్కలోనే పెరిగిన దుయీలియో.

వాలు గట్టిగా ఉన్నది ఆ ఒక్క గంటే.

ఆ గంటను మా అన్నను కాల్చడానికి వాడుకున్నారు.

మధ్యాహ్నం దాటమన్నారు. బీసాను తాళ్ళతో ఈడ్చారు. కొండ ఊపిరి బిగబట్టింది...

పన్నెండుమంది పోయారు.

పదిహేనేళ్ళకు ఆ కెప్టెన్ జనరల్ అయ్యాడు. రెజిమెంటు చరిత్ర రాశాడు. మా ఊళ్ళో జరిగిన పాత సైనికుల విందులో ఇంటికొక ప్రతి పంచాడు. అందులో ఉన్న పేర్లనే ఊరి స్మారకశిల మీద చెక్కుతారట. అరవై ఒకటో పేజీలో పన్నెండు పేర్లు. వాటి కింద బీసా — మంచులోంచి లేచి, పెట్టెలతో సహా నిలబడిన విశ్వాసపాత్రురాలు.

కంచరగాడిదకు చోటు ఉంది. ఎర్మెస్‌కు లేదు.

శిల మీద వేలు పెట్టి కొడుకు పేరు తడుముకోవాలని మా అమ్మ ఎదురుచూస్తోంది. ఆమెకు కళ్ళు కనిపించవు.

ఆ విందులోనే పేజీ తెరిచి పట్టుకుని జనరల్ బల్ల ముందు నిలబడ్డాను. మా అన్న పేరు ఎక్కడని అడిగాను.

"సన్యాసినుల బడిలో చదివావటగా, తల్లీ. క్షమించడం నేర్పలేదా?"

"నేర్పారు, జనరల్ గారూ. ముందు తప్పు ఒప్పుకోవాలనీ నేర్పారు."



నేను పక్కకు తిరిగాను.

"నువ్వు చెప్పు, దుయీలియో అన్నా. ఎర్మెస్‌ను చంపింది ఎవరు?"

దుయీలియో లేచాడు. ద్రాక్షసారా గ్లాసు కింద పెట్టాడు. నా వైపు చూశాడు. పెదవులు విడివడ్డాయి —

జనరల్ చెయ్యెత్తాడు. పాట అందుకోమన్నాడు.

మా రెజిమెంటు పాట మంద్రస్వరంతో మొదలవుతుంది. ఆ స్వరం దుయీలియోది. అతడు ఎత్తుకోనిదే మిగిలిన నలభైమంది నోరు తెరవరు. నలభైమందీ అతడినే చూస్తున్నారు. నేనూ చూస్తున్నాను.

స్వరం వచ్చింది.

లోతుగా. నిండుగా. ఒక్క చోటా తొణకకుండా.

నలభై గొంతులు దాని మీద లేచాయి. కొండల గురించి, సోదరుల గురించి, నాలుగు చరణాలూ పాడారు. దుయీలియో చెంపల మీద నీళ్ళు కారుతున్నాయి. స్వరం మాత్రం తప్పలేదు.

నేను పుస్తకం మూయలేదు.

పాట ముగిసింది. చప్పట్లకు ముందు, ఒక్క క్షణం —

పక్షి పలకలేదు. వాగు వినిపించలేదు...