గంజి తీయని బట్ట

తెల్లారుతుండగానే శంకరవ్వ బట్టను గోరువెచ్చని నీళ్లలో ముంచి, పిండి, మొగుడికి చుట్టేది. స్నానానికి నిలబడ్డ పిల్లాడిలా సిద్దిరాములు చేతులు పైకెత్తేవాడు. మెడ దగ్గర మొదలుపెట్టి మోకాళ్ల దాకా చుట్టి, కొస లోపలికి దోపి, అతన్ని అరుగు మీద గోడకు ఆనించి కూర్చోబెట్టేది. తర్వాత వెళ్లి మగ్గం గుంటలో దిగేది. పొద్దు పెంకుల మీదికి ఎక్కేదాకా నేసి, వచ్చి విప్పేది.

తెల్లగా చుట్టిన బట్ట అప్పటికి చాయ్ రంగుకు తిరిగి, తడిసిన గోనెలా బరువెక్కేది. అంచుల వెంట ఉప్పు పేరుకునేది. సిద్దిరాములు కళ్ల కింది వాపు దిగి, మాటలో ఆయాసం తగ్గి, తినడానికి ఇంత గట్క అడిగేవాడు. ఆ బట్టను ఆమె వాగులో జాడించి తెచ్చేది. జాడించిన చోట గడ్డి మాడిపోయేది.

"జర కిందికి పోయి పిండు వదినె, మా బట్టలు కరాబైతున్నయి" అని చాకలి హనుమంతు అనేవాడు. అంతకుమించి ఎవరూ ఏమీ అనేవాళ్లు కాదు.

శంకరవ్వ నేసిన బట్ట ఒంట్లోని చెడును పీలుస్తుందని సిరిసిల్ల సాలోళ్ల వాడకంతా తెలుసు. ఒకరు పెట్టిన తొక్కు ఏడాదైనా బూజు పట్టదు, ఒకరు వేసిన పాదు ఎండదు, ఈమె నేసిన బట్ట పీలుస్తుంది. అంతే. తేలు కుట్టినవాళ్లు వచ్చి జానెడు పేలిక అడిగి పట్టుకెళ్లేవాళ్లు. సేట్లు మాత్రం ఆమె చీరలు కొనేవాళ్లు కాదు. కట్టుకున్నామె చెమటా పసుపూ అత్తరూ అన్నీ తాగేసి సాయంత్రానికి ఆ చీర మాసినగుడ్డ అయిపోతుంటే ఎవరు కొంటారు! అందుకే సిద్దిరాములు సాంచెల ఖార్ఖానాలో కూలికి వెళ్లేవాడు, కరెంటు మగ్గాలు ఊళ్లోకి కొత్తగా దిగిన రోజులవి. అక్కడే ఒకనాడు కాళ్లు వాచాయి. తర్వాత ముఖం వాచింది. మూత్రం తగ్గింది.

కరీంనగర్ దవాఖాన పట్నం దవాఖానకు పంపింది. పట్నంలో ఒక డాక్టర్ గుర్దాల మీద, అంటే మూత్రపిండాల జబ్బు మీద, పరిశోధన చేస్తున్నాడు. కడుపులోకి గొట్టం దించి, సీసాలతో ఉప్పునీళ్లు ఎక్కించి, కాసేపు ఆపి, మళ్లీ బయటికి దించేవాడు. తేటగా వెళ్లిన నీళ్లు పచ్చగా వచ్చేవి. గుర్దాలు చేయాల్సిన కడుగుడు పని కడుపు లోపలి పొర చేస్తుందని చెప్పాడు. సిద్దిరాములు కొన్నాళ్లు తేరుకున్నాడు కానీ గొట్టం దించిన చోట చీము పట్టింది.

"అమ్మా, ఇతని గుర్దాలు ఎండిపోయినయి. మళ్లీ పనిచెయ్యవు. కడుపు కూడా ఇంక తట్టుకోదు" అన్నాడు డాక్టర్, ఆమె ముఖంలోకి చూడలేక. "ఇంటికి తీసుకపోండి."

తీసుకొచ్చింది. వచ్చీరాగానే మగ్గం గుంటలో దిగింది. కడుపులో పొర చేసే పని తన బట్ట చేయదా అని ఆమెకు తోచింది. చేసింది కూడా. కాకపోతే రోజూ అంత విషం తాగే బట్ట నెల తిరక్కుండానే చీకిపోయేది. ఇది చీకేలోగా మరొకటి నేయాలి. పడుగుకు గంజి పెట్టందే దారం నిలవదు, ఆ గంజి ఉన్నంతకాలం బట్ట చుక్క కూడా పీల్చదు. అందుకని నేశాక కాగులో వేసి పొంగుపొంగున ఉడకబెట్టి, గంజంతా వదిలాకే మొగుడి ఒంటికి చుట్టేది. ఏడాదిగా ఆమె బతుకంతా అదే. విసుగొచ్చిన రోజులున్నాయి, ఆగిన రోజు లేదు.

చూపించుకోవడానికి మళ్లీ పట్నం వెళితే, నడిచొచ్చిన సిద్దిరాములును చూసి డాక్టర్ కుర్చీలోంచి లేచాడు. శంకరవ్వ సంగతి చెప్పింది. నమ్మడమా మానడమా అనే పేచీ ఆయన పెట్టుకోలేదు. ఆ బట్టను చుట్టకముందు తూచాడు, విప్పాక తూచాడు. ఉప్పును గోకి సీసాలో వేసుకున్నాడు.

"పై దేశాల్లో దీనికి యంత్రాలున్నయి. మనకు రావాలంటే ఎన్నేళ్లు పడుతదో" అన్నాడు. "నా వార్డుల ఇద్దరున్నరు. ఒక్క బట్ట నేసి పంపుతావా అమ్మా?"

ఈ తూకాల కోసం వార్డులో ఉన్న నాలుగు రోజులూ ఆ ఇద్దరూ సిద్దిరాములు పక్క మంచాలవాళ్లే. ఒకడు మొగిలి, బొగ్గుబావిలో పనిచేసే పడుచువాడు. రెండోది బోథ్ నుంచి వచ్చిన గంగుబాయి. ఆ నెలలోనే కాన్పులో రక్తమంతా పోయి, గుర్దాలు ఆగిపోయిన మనిషి.

సిద్దిరాములు కండెలు చుట్టి ఇస్తుంటే శంకరవ్వ ఒక బట్ట అదనంగా నేసింది. ఉడకబెట్టింది. ఆరాక చేతిలోకి తీసుకుంటే పాత పేలికలా వేలాడింది. అంత పెద్ద డాక్టర్ చేతిలో ఇలాంటిది పెడితే ఇంటి పరువేం కావాలి? కులంలో ఎవరూ గంజిలేని బట్టను కానుకగా ఇవ్వరు. ఆమె సన్నబియ్యం వార్చి, మళ్లీ గంజి పట్టించి, నీడన ఆరబెట్టి, మడతలు కత్తుల్లా నిలబడేట్టు పెట్టి పంపింది. దవాఖానలో సూదులూ గొట్టాలూ ఉడకబెట్టడం ఆమె కళ్లారా చూసింది. బట్టనూ ఉడకబెట్టుకుంటారులే అనుకుంది.

కొన్ని వారాలకు గంగుబాయి మొగుడు అంబదాస్ బస్సు దిగి వెతుక్కుంటూ ఇంటికొచ్చాడు. సిద్దిరాములు చుట్టిన బట్టతో అరుగు మీదే ఉన్నాడు. అంబదాస్ మంచినీళ్లు తాగి, చెంబు కింద పెట్టి, ఆ బట్ట వైపు చూశాడు.

"మొగిలి పోయిండు అన్నా."

"ఎట్ల? బట్ట పంపితిమి గదా" అన్నాడు సిద్దిరాములు.

"గా బట్టను నమ్మే మొగిలికి కడుపు కడుగుడు ఆపిండ్రు. బట్ట పనిచెయ్యలే. ఉడకబెడితే దాని గుణం పోతదని డాక్టర్ సాబ్ ఎవ్వల్ని ముట్టనియ్యలే, వచ్చింది వచ్చినట్టే తడిపి చుట్టిండు. పాపం, ఆయన సుత అన్నం తింటలేడు." అంబదాస్ కండువాతో ముఖం తుడుచుకున్నాడు. "మొగిలి అవ్వ గా బట్టనే కప్పి మట్టి చేయించింది. కొత్తదాని లెక్కనే కడక్‌గ ఉండె అక్కా, గంజి సుత పోలే."

గంజి మాట వినగానే శంకరవ్వ బట్టలు ఉడకబెట్టే కాగు వైపు చూసింది. ఆమె ముఖం చూసి సిద్దిరాములుకు అర్థమైంది.

అంబదాస్ తన గోడు చెప్పుకున్నాడు. ఇప్పుడు గంగుబాయి కడుపులోనూ చీము పట్టింది, ఇక నీళ్లు ఎక్కించలేరు. "మా ఇంటిదానియి ఎండిపోయిన గుర్దాలు గావట. నిద్రపోయినయంట. జర దినాలు ఎట్లనన్న గడిపితే లేస్తయంటుండు డాక్టర్ సాబ్. ఎట్ల గడపాలె? పుట్టిన పోరి ఇంక తల్లిపాలు ఎరుగదు." అతను బట్ట అడగలేదు. పనిచేయని బట్టను ఎందుకడుగుతాడు! చెప్పుకోవడానికి వచ్చాడంతే.

సాలె ఇళ్లలో ఒక కట్టుబాటుంది. ఇంట్లోంచి వెళ్లిన బట్టలో తప్పు తేలితే, మగ్గం మీద ఏమున్నా పక్కన పెట్టి, ముందు బదులు బట్ట ఇచ్చుకోవాలి. పెళ్లిచీర పని ఆగిపోయినా సరే.

"బదులియ్యాలె శంకరీ" అన్నాడు సిద్దిరాములు.

"నేస్త. ఇయ్యాల్నే పడుగు వేస్త."

"నువ్వు నేసేదాక గామె ఉంటదా?"

పాతది చీకిపోయి, కొత్తది మొన్ననే మగ్గం దిగింది; ఇంట్లో పనికొచ్చే బట్ట ఆ ఒక్కటే. అది అతని ఒంటి మీదుంది.

"నేనియ్య" అంది శంకరవ్వ. "నా చేతులతోని తప్పయింది. ఒప్పుకుంట. ఆ మొగిలి అవ్వ కాళ్లు పట్టుకుంట. ఇది మాత్రం ఇయ్య. నువ్వు సావాల్నా?"

"నా గుర్దాలు లేవయి. ఆమెయి లేస్తయి."

"లేస్తే లేవనియ్. నాకెందుకు?" అని గట్టిగా ఏడ్చింది. పరాయి మనిషి ముందు అలా అన్నందుకు సిగ్గుపడలేదు. ఆమెకు ఈ లోకంలో సిద్దిరాములు కావాలి, అంతకంటే పెద్ద మాటలు ఆమె దగ్గర లేవు. అంబదాస్ లేచి వాకిట్లోకి వెళ్లి నిలబడ్డాడు.

సిద్దిరాములు మళ్లీ ఆ మాట ఎత్తలేదు. మర్నాడు ఆమె బట్ట పిండి తెచ్చేసరికి నిలబడ్డాడు కానీ చేతులు ఎత్తలేదు. ఆమె తిట్టింది. బతిమాలింది. చేతులు కిందికే ఉన్నాయి.

చివరికి ఆమె బట్టను మళ్లీ ఉడకబెట్టి, తడితడిగానే మూటగట్టి, రాత్రి వాకిట్లోనే పడుకున్న అంబదాస్ చేతిలో పెట్టింది. "గంజి పెట్టకుండ్రి, ఇస్త్రీ చెయ్యకుండ్రి, రోజు పారే నీళ్లల్ల జాడించుండ్రి" అని చెప్పి పంపి, మగ్గం గుంటలో దిగింది.

అటు తర్వాత ఆమె గుంటలోంచి పైకి వచ్చింది తక్కువ. ఇరుగు పొరుగు ఆడవాళ్లు పడుగు సాయం పట్టారు, అన్నం తెచ్చి నోట్లో పెట్టారు. నేత మాత్రం ఇంకొకరు నేస్తే పనికిరాదు. సిద్దిరాములు పక్కన కూర్చుని కండెలు చుట్టాడు. వేళ్లు వాచి దారం పట్టు తప్పేదాకా చుట్టాడు. తర్వాత పడుకుని దారాల మధ్య అటూ ఇటూ తిరిగే నాడె చప్పుడు వింటూ ఉన్నాడు. తర్వాత ఎవరెవరివో పేర్లు పలవరించాడు. ఊపిరి గురగురమంటుంటే ఆమె ఇంకా జోరుగా నేసింది, జోరుకు దారాలు తెగాయి, తెగిన ప్రతి దారం దగ్గరా ఆగి ముడివేయాల్సి వచ్చింది. బట్ట అతని ఛాతీకి సరిపడా దిగేసరికి అతను పోయాడు.

సిద్దిరాములు దినాలు కాకముందే అంబదాస్ వచ్చాడు. విషయం తెలియక వాకిట్లోంచే నవ్వుతూ వచ్చాడు.

"అక్కా, పోసింది! మా ఇంటిది మూత్రం పోసింది."

అరుగు మీద కూర్చున్న చుట్టాలు తలలెత్తి చూశారు. ఎవరూ నవ్వలేదు. బోసి నుదురుతో గడపలో కూర్చున్న శంకరవ్వను చూశాక అంబదాస్ అక్కడే ఆగిపోయాడు. చంకలోని సంచి కింద పెట్టలేకా, పట్టుకోలేకా తడబడ్డాడు.

శంకరవ్వ అతన్ని దగ్గరికి రమ్మంది.

"ఎంత పోసింది?"

అతను రెండు చేతులతో చెంబంత కొలత చూపించాడు.

"రంగెట్లున్నది?"

"మొదాలు ఎర్రగ వచ్చింది. ఇప్పుడు తేటగున్నది."

"నొప్పి లేకుండ పోస్తున్నదా?"

"పోస్తున్నది అక్కా."

సిద్దిరాములు పోయినప్పుడు కన్నీరు రాని శంకరవ్వ అప్పుడు ఏడ్చింది. కడుపునిండా ఏడ్చాక కొంగుతో ముఖం తుడుచుకుని, వార్డులో ఇప్పుడు ఇంకా ఎవరున్నారని అడిగింది.